పదివేల గింజల ఒక్క గోళీ

10,000 గింజలు పిండితే ఒక్క గోళీ. ఇది ఎక్కడో చదివిన లెక్క కాదు, కాగితం మీద నేనే వేసుకున్నది. ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ గింజలు గ్రాముకు 2,000 నుంచి 3,000 దాకా వస్తాయి. వాటిలో నూనె 20 నుంచి 25 శాతం. 1,000 మిల్లీగ్రాముల గోళీ ఒకటి నిండాలంటే నాలుగైదు గ్రాముల గింజలు కావాలి. అంటే మందుల షాపులో కొని, మంచినీళ్ళతో గుటుక్కున మింగేసే ఆ పచ్చటి మెత్తటి గోళీలో ఒక మడి నిండా మొలవాల్సిన మొక్కలున్నాయన్నమాట! ఆ లెక్క తేలిన రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి.

ఇన్నాళ్ళూ ఈ పేరు నాకు సీసా మీది అక్షరాలే. రొమ్ముల్లో సలుపు అని వెళ్తే మా ఆడపడుచుకు డాక్టరమ్మ రాసిచ్చిన చీటీలో చూశాను. నెలసరి ఆగిపోయే రోజుల్లో ఒళ్ళంతా ఆవిర్లు కమ్ముతున్నాయని మా వదిన తెప్పించుకున్న డబ్బా మీద చూశాను. ముఖానికి రాసుకునే ఖరీదైన సీరం సీసా వెనక, కళ్ళజోడు పెట్టుకున్నా అందని సన్నటి అచ్చులో చూశాను. ఇన్నిచోట్ల తిరిగే సరుకు ఏ మొక్కకు కాస్తుందో అడగాలని మా ఇంటిల్లిపాదిలో ఎవరికీ తోచలేదు. ఈ వేసవిలో మిషిగన్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్తే, ఆ మొక్కే ఎదురొచ్చింది.

ఎదురొచ్చింది ఏ తోటలోనో కాదు. రైలు పట్టాల పక్కన, కంకర గుట్టలో! ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్ళు పోయలేదు. అక్కడివాళ్ళ దృష్టిలో అది కలుపు మొక్క. మొదటి ఏడాది నేలకు అతుక్కుని గుండ్రంగా పరుచుకున్న ఆకులు తప్ప ఏమీ ఉండదు. రెండో ఏడు ఆ ఆకుల నడిమి నుంచి ఒక కాడ లేచి, మనిషెత్తు పెరిగి, పూసి, కాసి, గింజలు రాల్చి ఎండిపోతుంది. అంతే, రెండేళ్ళ బతుకు.

కానీ ఆ పూయడం ఉంది చూశారూ! మన చంద్రకాంత కూడా సాయంత్రమే విచ్చుకుంటుంది. కాకపోతే మనం చూస్తుండగా విచ్చుకోదు, చూసేసరికి విచ్చుకుని ఉంటుంది. ఇది అలా కాదు. జులైలో అక్కడ తొమ్మిది దాటితే గాని పొద్దు గుంకదు. వెలుగు మందగించగానే మొగ్గ పొట్ట దగ్గర ఉబ్బుతుంది. దాన్ని కప్పి ఉంచిన నాలుగు పచ్చటి తొడుగుల మధ్య సన్నటి చీలిక పడి పసుపు కనబడుతుంది. మొగ్గ చిన్నగా వణుకుతుంది. గాలేమో అనుకుంటాం, గాలి ఉండదు. ఒక్కసారిగా తొడుగులు టక్కున వెనక్కి విరుచుకుంటాయి, లోపల చుట్టుకుని ఉన్న నాలుగు రేకులూ సుడి తిరుగుతూ తెరుచుకుంటాయి. కొన్నిటికి నిమిషం కూడా పట్టదు. నేను ఫోను తీయబోతే మా అమ్మాయి చెయ్యి పట్టుకుంది. "వీడియో తర్వాత తీద్దువుగానిలేమ్మా, ముందు కళ్ళతో చూడు" అంది. అరవై ఏళ్ళు వచ్చాయి, పువ్వు కదలడం నేను కళ్ళారా చూసింది అప్పుడే.

విచ్చుకోగానే లేత నిమ్మ వాసన. ఆ వాసనకు హాక్ మాత్ అనే పెద్ద రాత్రి చిమ్మటలు వస్తాయి. పువ్వు మీద వాలకుండా గాలిలోనే నిలబడి, పొడుగాటి నాలుకతో లోపలి తేనె తాగుతాయి. పుప్పొడి మన మందార పువ్వులో లాగా విడివిడిగా రాలదు. రేణువులన్నీ సన్నటి జిగురు పోగులతో ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. చిమ్మట ఒకచోట తగిలితే పోగంతా దాని వెంట వెళ్ళిపోతుంది. తెల్లవారి, మర్నాడు మధ్యాహ్నం అయ్యేసరికి పువ్వు వాడిపోతుంది. ఈ మొక్క మీదే బతికే గులాబీ రంగు చిమ్మట ఒకటి ఉంది. పగలంతా వాడిన పువ్వులో తల దూర్చుకుని పడుకుంటుంది. దాని రెక్కల చివర్లు పసుపు రంగు కనక, బయటికి కనపడే ఆ చివర్లను చూసి రేకులే అనుకుంటాం.

ఇంకొక సంగతి. సముద్రపు ఒడ్డున పెరిగే దీని చుట్టం మొక్క మీద ఇజ్రాయెల్‌లో టెల్ అవీవ్ యూనివర్సిటీ వాళ్ళు ఒక ప్రయోగం చేసి 2019లో ప్రకటించారు. తేనెటీగ రెక్కల చప్పుడు రికార్డు చేసి పువ్వు దగ్గర వినిపించారు. మూడు నిమిషాల్లో ఆ పువ్వు తన తేనెలో తీపి పెంచుకుంది! చెవుల్లేని పువ్వు ఎలా వింటుందంటే, ఆ చప్పుడుకు రేకులు కంపిస్తాయట. వేరే స్థాయి చప్పుళ్ళు పెడితే మాత్రం పెంచలేదు. వచ్చేది చుట్టమో కాదో తేల్చుకున్నాకే మర్యాదలన్నమాట.

మిషిగన్‌కీ ఈ మొక్కకీ ఇంకో పెద్ద కథ ఉంది. మా అమ్మాయి ఇంటి నుంచి కారులో వెళ్ళగలిగినంత దూరంలోనే ఈస్ట్ లాన్సింగ్ ఉంది. అక్కడి వ్యవసాయ కళాశాలలో 1879లో విలియం జేమ్స్ బీల్ అనే వృక్షశాస్త్ర ఆచార్యుడు ఉండేవాడు. కలుపు ఎంత పీకినా మళ్ళీ మళ్ళీ ఎందుకొస్తుందో, గింజ మట్టిలో ఎన్నేళ్ళు బతికుంటుందో రైతుకు చెప్పాలని ఆయన తాపత్రయం. 20 సీసాలు తీసుకున్నాడు. ఒక్కొక్క దాంట్లో ఇసుకతో పాటు, రకానికి 50 చొప్పున ఇరవైకి పైగా రకాల కలుపు గింజలు నింపాడు. నీళ్ళు నిలవకుండా సీసాల మూతిని కిందికి వంచి పాతిపెట్టాడు. మొదట్లో ఐదేళ్ళకు ఒక సీసా తవ్వితీసేవారు, తర్వాత పదేళ్ళకు, ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు. బీల్ 1924లో పోయాడు. ఆయన పోయిన 36 ఏళ్ళకు, 1960లో తీసిన సీసాలో కూడా ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ గింజలు మొలిచాయి. అంటే 80 ఏళ్ళు మట్టిలో ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాయి! ఆ ప్రయోగం ఇంకా నడుస్తూనే ఉంది. 2021లో కూడా ఒక సీసా తవ్వారు, అదీ అర్ధరాత్రి దాటాక టార్చిలైట్లతో, గింజలకు పగటి వెలుగు తగలకూడదని. వెలుగు తగిలితే మొలకెత్తే రకం గింజలు కొన్ని ఉంటాయి. మన కథానాయిక గింజ కూడా ఆ రకమే. మట్టిలో లోతుగా ఉన్నంతకాలం ఓపిక పడుతుంది, ఎవరైనా నేల తిరగేస్తే చాలు, లేస్తుంది. రైలు పట్టాల పక్కన కంకరలో ఎందుకుందో నాకు అప్పుడర్థమైంది.

ఈ మొక్క పుట్టిల్లు ఉత్తర అమెరికాయే. మిషిగన్ వైపు పెద్ద సరస్సుల చుట్టూ బతికిన ఒజిబ్వే జనం మొక్క మొత్తాన్ని నానబెట్టి, కమిలిన గాయాల మీద కట్టు కట్టేవారు. చెరొకీలు వేరు ఉడకబెట్టి దుంపకూరలా తినేవారు, మూలవ్యాధికి వెచ్చటి వేరుతో కాపడం పెట్టేవారు, ఒళ్ళు తగ్గడానికి కషాయం తాగేవారు. ఒకటి గమనించండి. వాళ్ళు వాడింది వేరు, ఆకు, మొక్క. గింజల నూనెను గోళీల్లో మింగలేదు. 'వేల ఏళ్ళ ఆదివాసీ వైద్యం' అని బొమ్మ వేసి గోళీలు అమ్మేవాళ్ళు ఈ మాట కావాలనే మింగేస్తారు. 17వ శతాబ్దం మొదట్లో గింజలు ఓడలెక్కి ఐరోపా చేరాయి. జర్మన్లు వేరును వండుకుని తిన్నారు. ఇంగ్లండులోనైతే రాజుగారి సర్వరోగ నివారిణి అని బిరుదే ఇచ్చేశారు.

వైద్యానికి సంబంధం లేకపోయినా డీ వ్రీస్ కథ చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. హ్యూగో డీ వ్రీస్ హాలండ్ శాస్త్రవేత్త. 1886లో హిల్వర్సమ్ అనే ఊరి దగ్గర, వదిలేసిన బంగాళాదుంప పొలంలో ఈ జాతి మొక్కలు గుంపుగా పెరిగి ఉంటే ఆగి చూశాడు. అన్నీ ఒక్కలాగే ఉండాల్సిన గుంపులో ఒకటి మరుగుజ్జు, ఒకటి రాక్షసి, ఒకదాని ఆకు వేరు. ఇంటికి తెచ్చి పెంచి, ఏళ్ళ తరబడి చూసి, కొత్త జాతులు మెల్లమెల్లగా కాక ఒక్క గెంతులో పుడతాయని 1901 నుంచి పుస్తకం వేశాడు. ఉత్పరివర్తన సిద్ధాంతం అని మన పిల్లలు ఇంటర్ జువాలజీలో బట్టీ పట్టేది అదే. ఈ మొక్క క్రోమోజోములు గొలుసుల్లా చుట్టుకుని విచిత్రంగా నడుస్తాయని, డీ వ్రీస్ చూసిన మార్పుల్లో చాలావాటికి కారణం అదేనని తర్వాతివాళ్ళు తేల్చారు. కంకరలో మొలిచే కలుపు జన్యుశాస్త్రాన్ని ఇన్ని మలుపులు తిప్పిందంటే ముక్కు మీద వేలు వేసుకోనా వద్దా?

సరే, నూనె దగ్గరికి వద్దాం. 1919లో హైడుష్కా, లుఫ్ట్ అనే ఇద్దరు జర్మన్ రసాయనజ్ఞులు ఈ గింజల నూనెలో అంతకు ముందెవరూ చూడని ఒక కొవ్వు ఆమ్లం ఉందని చెప్పారు. దాన్నే ఇప్పుడు గామా లినోలెనిక్ ఆమ్లం, పొట్టిగా జీఎల్ఏ అంటున్నాం. ఈ నూనెలో అది 8 నుంచి 10 శాతం ఉంటుంది. దాదాపు 70 శాతం లినోలిక్ ఆమ్లం, అంటే మన పొద్దుతిరుగుడు నూనెలో ఉండేదే. కాబట్టి విశేషమంతా ఆ 8, 10 శాతంలో ఉంది.

అందులో ఏముందో నాకు అర్థమైనంతలో చెప్తాను. లినోలిక్ ఆమ్లం మన ఒళ్ళు తయారు చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. వచ్చినదాన్ని డెల్టా-6 డీశాచురేజ్ అనే ఎంజైము జీఎల్ఏగా మారుస్తుంది. అక్కడి నుంచి ఇంకో మెట్టు దాటి, వాపును, మంటను అదుపులో పెట్టే ప్రోస్టాగ్లాండిన్ ఇ1 లాంటివి తయారవుతాయి. చిక్కంతా ఆ ఎంజైము దగ్గరే. పుష్కరాల రోజున రైల్వే స్టేషన్లో ఒకే ఒక్క టికెట్ కౌంటర్ తెరిచినట్టుంటుంది దాని పని. ఎంత లినోలిక్ ఆమ్లం తిన్నా వరస కదలదు. వయసు పెరిగితే, మధుమేహం ఉంటే ఇంకా నెమ్మదిస్తుంది. మరి జీఎల్ఏనే నేరుగా అందిస్తే? వరసలో నిలబడే పనే లేదు! తల్లిపాలలో కూడా జీఎల్ఏ కొద్దిగా ఉంటుంది. ఇంత ముచ్చటైన ఊహ విన్నాక ఎవరికి ఆశ పుట్టదు చెప్పండి?

ఆ ఆశ అందరికంటే గట్టిగా పుట్టింది డేవిడ్ హారోబిన్ అనే ఆంగ్లేయ డాక్టరుకు. కొత్త ఊహలకు చోటివ్వాలని 1975లో 'మెడికల్ హైపోథిసిస్' అనే పత్రికే పెట్టిన మనిషి. ఎఫమాల్, స్కోషియా అనే కంపెనీలు ఆయన నడిపినవే. గజ్జి లాగా దురద పెట్టే ఎగ్జిమాకు ఎపోగామ్, రొమ్ము నొప్పికి ఎఫమాస్ట్ అని ఈ నూనె గోళీలు బ్రిటన్‌లో అసలు సిసలు మందులుగా లైసెన్సు తెచ్చుకున్నాయి. డాక్టర్లు చీటీ మీద రాశారు, ప్రభుత్వం డబ్బు కట్టింది. కలుపు మొక్కకు అంతకంటే పట్టాభిషేకం ఏముంటుంది! 2002లో ఆ లైసెన్సులు రద్దయ్యాయి. హాని చేస్తోందని కాదు, పని చేస్తోందనడానికి ఆధారం చాలదని. ఆ మరుసటి ఏడే హారోబిన్ పోయాడు. 2013లో కోక్రేన్ సంస్థ సమీక్షకులు 27 ప్రయోగాలు, 1,596 మంది రోగుల వివరాలు దగ్గర పెట్టుకుని చూశారు. ఎగ్జిమాకు ఈ నూనె గానీ, జీఎల్ఏ ఇంకా ఎక్కువుండే బోరేజ్ నూనె గానీ మింగితే, ఉత్తుత్తి గోళీ కంటే మేలేమీ కనపడలేదని తేల్చారు.

ఇది చదివి నా ఉత్సాహం నీరుగారిందా? లేదు! మందు కాకపోతే మొక్క గొప్పతనం పోతుందా ఏమిటి? పైగా నాకు ఆ ప్రయోగాల మీద గౌరవం పెరిగింది. ఊహ ఎంత అందంగా ఉన్నా, లైసెన్సు వచ్చాక కూడా మళ్ళీ మళ్ళీ తూకం వేశారు. మన దగ్గర ఏ నూనెకు ఇంత విచారణ జరిగింది?

రొమ్ము నొప్పి సంగతి మాత్రం అంత తెగ్గొట్టినట్టు లేదు. 1980ల్లో వేల్స్‌లోని కార్డిఫ్‌లో ఈ నొప్పికే ప్రత్యేకంగా క్లినిక్ ఉండేది. నెలసరికి ముందు వచ్చే సలుపు ఈ నూనెతో కొందరికి తగ్గిందని వాళ్ళు రాశారు. తర్వాత ఉత్తుత్తి గోళీలతో పోల్చి చూసిన ప్రయోగాల్లో పెద్ద తేడా తేలలేదు. అయినా మన దగ్గర డాక్టర్లు ఇంకా రాస్తున్నారు. పెద్దగా హాని లేదు, ఆ నొప్పి చాలామందిలో దానంతటదే సద్దుమణుగుతుంది, భయం లేదని తెలిస్తేనే సగం తగ్గుతుంది. మా ఆడపడుచుకు తగ్గింది. గోళీ తగ్గించిందో, డాక్టరమ్మ చెప్పిన ధైర్యం తగ్గించిందో మేం అడగలేదు. ఆవిర్ల విషయం మా వదినకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. 1994లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ప్రయోగంలో 56 మంది ఆడవాళ్ళను ఆరు నెలలు చూశారు. నూనె వల్ల ఆవిర్లకు ఒరిగిందేమీ లేదు.

ఇక చర్మం! నా అసలు సంబరమంతా ఇక్కడే. 1929లో అమెరికాలోని మినెసోటాలో జార్జ్ బర్, మిల్డ్రెడ్ బర్ అనే భార్యాభర్తలు ఎలుకలకు కొవ్వు బొత్తిగా లేని తిండి పెట్టారు. వాటి చర్మం పొలుసులు లేచింది, తోకలు ఎండి పగిలాయి. లినోలిక్ ఆమ్లం ఇస్తే నయమైంది. మన చర్మం పైపొరలో తడి బయటికి పోకుండా కాపలా కాసే సిరమైడ్ అనే కొవ్వులున్నాయి. అందులో ముఖ్యమైన ఒకదానికి లినోలిక్ ఆమ్లమే కావాలి, ఇంకేదీ పనికిరాదు. మొటిమలు వచ్చే చర్మం జిడ్డులో లినోలిక్ ఆమ్లం తక్కువుంటుందని కూడా గమనించారు. దాన్ని 70 శాతం నింపుకున్న నూనె సౌందర్య సాధనాల వాళ్ళ కంట పడకుండా ఎలా ఉంటుంది? నైట్ క్రీములు, పెదవుల బామ్‌లు, కళ్ళ కింద రాసే సీరంలు, జుట్టుకు రాసేవి, అన్నిట్లోకీ వచ్చేసింది.

మింగినా చర్మానికి కొంత మేలు కనపడినట్టు ప్రయోగాలున్నాయి. ఏ జబ్బూ లేని పెద్దవాళ్ళకు రోజుకు 3 గ్రాముల చొప్పున 12 వారాలు ఇచ్చిన ప్రయోగం ఒకటి 2005లో అచ్చయింది. చర్మంలో తేమ, బిగువు పెరిగాయి, గరుకుదనం తగ్గింది. కొరియాలో ఇంకొకటి చేశారు. మొటిమలకు వేసే ఐసోట్రెటినోయిన్ మాత్ర పెదవుల్ని ఎండగట్టి పగలగొడుతుంది, వాడిన పిల్లల్ని అడగండి. ఆ మాత్రతో పాటు ఈ నూనె గోళీలు కూడా ఇస్తే పెదవుల నుంచి తడి ఆరిపోవడం తగ్గిందట. రెండూ చిన్న ప్రయోగాలే. వాటిని పట్టుకుని చర్మానికి అమృతం దొరికిందనను. కానీ ఎగ్జిమా అనే పెద్ద పరీక్షలో తప్పిన మొక్క, పొడి చర్మం అనే చిన్న పరీక్షలో కాస్త మార్కులు తెచ్చుకుందంటే నాకు ముద్దొచ్చింది.

నా మోచేతులు, పిక్కలు ఏడాది పొడుగునా తెల్లగా పొట్టు లేచి ఉంటాయి. మా అమ్మాయి తన అలమరలోంచి ముదురు గాజు సీసా తీసి, "స్నానం అయ్యాక, తడి పూర్తిగా ఆరకముందే రాసుకో" అంది. లేత పసుపు నూనె. నువ్వుల నూనె కంటే పల్చన. గట్టి వాసన లేదు. నాలుగు చుక్కలు పిక్కకు చాలు. కాసేపటికి జిడ్డు తెలియలేదు, చీరకు అంటలేదు. కొన్నాళ్ళు వరసగా రాశాక చర్మం మెత్తబడింది, పొట్టు లేవడం ఆగింది. తడి చర్మం మీద ఏ మంచి నూనె రాసినా ఇంత పని చేస్తుందని ఎవరైనా అంటే కాదనను. అయినా ఆ సీసా చేతిలోకి తీసుకున్నప్పుడల్లా కంకర గుట్టలో వణికిన మొగ్గ గుర్తొస్తుంది. ఆ మురిపెం వేరే నూనెలో రాదు.

మా సొంతూరు తాండూరు వైపు. మా నాయనమ్మ వంటకు వాడింది, తలకు రాసింది, పసిపిల్లలకు మర్దనా చేసింది కుసుమ నూనె. ఆ కుసుమల్లో లినోలిక్ ఆమ్లం ఈ మొక్కలో ఉన్నంతా, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ఉంటుంది. లేనిదల్లా జీఎల్ఏ. అమెరికాలో ఒక కంపెనీ కుసుమ మొక్కకే జన్యుమార్పిడి చేసి, ఆ నూనెలో జీఎల్ఏ 40 శాతం దాకా వచ్చేటట్టు చేసింది. అంటే మా నాయనమ్మ కుసుమలూ ఈ సాయంత్రపు పువ్వూ ప్రయోగశాలలో వియ్యమందుకున్నాయి! కాబట్టి పొడి చర్మానికి మాత్రమే నూనె కావాలంటే, డబ్బు తక్కువున్నవాళ్ళు వెలితి పడక్కర్లేదు. గానుగలో ఆడించిన కుసుమ నూనె రాసుకోండి. ముచ్చట తీరాలంటే ఇది కొనుక్కోండి.

కొనేవాళ్ళకు నాలుగు మాటలు. క్రీము డబ్బా మీద పెద్ద అక్షరాలు నమ్మకండి, వెనక జాబితా చూడండి. అక్కడ దీని పేరు ఈనోథెరా బయెన్నిస్ ఆయిల్ అని ఉంటుంది. జాబితాలో ఎక్కువున్న సరుకు ముందు, తక్కువున్నది వెనక రాస్తారు. ఈ పేరు అట్టడుగున, సువాసన ద్రవ్యాల పక్కన ఉంటే, నూనె చుక్క చూపించి డబ్బు తీసుకున్నారని అర్థం. నూనె విడిగా కొంటే ముదురు గాజు సీసాలో ఉన్నది, చిన్నది కొనండి. గింజ పొట్టులో 80 ఏళ్ళు ఆగిన మొక్క నూనె, బయటికొచ్చాక గాలి, వెలుగు, వేడి తగిలితే త్వరగా మక్కిపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టండి. పెయింటు వాసన వస్తే పారేయండి. ముఖానికి రాసే ముందు మోచేతి మడతలో ఒక చుక్క వేసి ఒకరోజు చూడండి. శాకాహారులు గోళీ పొర ఏమిటో అడగాలి, ఎక్కువ గోళీలకు వాడేది పశువుల నుంచి తీసిన జెలటిన్.

మింగాలనుకుంటే డాక్టరుకు చెప్పి మింగండి. కడుపులో తిప్పడం, తలనొప్పి కొందరికి వస్తాయి. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ళు, మూర్ఛ ఉన్నవాళ్ళు, ఆపరేషనుకు తేదీ ఇచ్చినవాళ్ళు తమంతట తాము మొదలుపెట్టకూడదు. నిండు చూలాలికి ఈ గోళీలిస్తే కాన్పు తేలికవుతుందని కొన్ని దేశాల్లో మంత్రసానులు చెప్తారు. 1999లో అచ్చయిన ఒక పరిశీలనలో కాన్పు సమయం తగ్గలేదు, పైగా ఉమ్మనీరు ముందే పోవడం లాంటి ఇబ్బందులు కాస్త ఎక్కువ కనపడ్డాయి. ఆ జోలికి పోవద్దు. రొమ్ములో గడ్డ తగిలితే మాత్రం ఈ నూనె, ఆ నూనె అని కూర్చోకుండా వెంటనే చూపించుకోండి.

మొక్కను చూడాలంటే మన మైదానాల్లో దొరకదు. దీని చుట్టాలు మాత్రం ఉన్నారు. ఊటీ వెళ్ళినప్పుడు రోడ్ల పక్కన చిన్న గులాబీ రంగు పూలు పూసే మొక్క ఉంటుంది, అది ఈ జాతిదే. కృష్ణా, గోదావరి డెల్టాల్లో కాలవ గట్ల మీద, వరిమళ్ళ అంచున నాలుగు పసుపు రేకులతో పూసే లడ్విజియా కలుపు కూడా ఇదే కుటుంబం. అసలు దాన్ని చూడాలంటే పిల్లల దగ్గరికి అమెరికానో కెనడానో వెళ్ళేవాళ్ళకు వీలు. జూన్ చివర నుంచి సెప్టెంబరు దాకా పూస్తుంది. షాపింగ్ మాల్స్, నయాగరా ఎలాగూ చూపిస్తారు. ఒక్క సాయంత్రం పొద్దు గుంకడానికి పావుగంట ముందు, ఊరి బయట పిచ్చిమొక్కలు పెరిగిన ఖాళీ స్థలానికి తీసుకెళ్ళమని మీ అమ్మాయినో కోడలినో అడగండి. దోమల మందు రాసుకుని వెళ్ళండి, ఫోను సంచిలోనే ఉంచండి.